పాకలో రాముడు

తెనాలిలో అరవయ్యేళ్ళు తెలుగు మాట్లాడాను, ఒక్కరూ మెచ్చుకోలేదు. చెన్నైలో నెల్రోజులున్నాను, పండితుణ్ణైపోయాను.

డిసెంబరులో మా అమ్మాయి ఇంటికి మైలాపూరు వెళ్ళాను. "ఊరికే కూచుంటే మోకాళ్ళు పట్టేస్తాయి నాన్నా, కచేరీలకి వెళ్ళండి" అంది. మార్గళి నెల వచ్చిందంటే ఆ ఊళ్ళో 1928లో పుట్టిన మ్యూజిక్ అకాడమీ మొదలు చిన్నాచితకా హాళ్ళ దాకా పొద్దస్తమానం పాడుతూనే ఉంటారు. మధ్యాహ్నం పూట చిన్నవాళ్ళ కచేరీలకి చాలాచోట్ల టికెట్టుండదు. ఆ వేళ నా పెన్షనుకి బాగా కుదిరింది.

మొదటిరోజే పరువు పోయింది. పాట ఆగింది, మృదంగం ఒక్కటే మోగుతోంది, ముందు వరసల్లో సగంమంది లేచారు. కచేరీ అయిపోయిందనుకుని నేనూ వేదికకి దణ్ణంపెట్టి వాళ్ళ వెనకే నడిచాను. తేలింది క్యాంటీన్లో! తని ఆవర్తనమంటే మృదంగానికి పరీక్ష, శ్రోతలకి ఇంటర్వెల్ అని అరటిపువ్వు వడ తింటున్న పెద్దాయన చెప్పాడు. పాపం, ఆ మృదంగం కుర్రాడు చేసిన నేరమేమిటో! వడ మాత్రం బాగుంది.

మర్నాడు పక్కసీట్లో ఓ మామి. ఒళ్ళో కీర్తనల పుస్తకం, తొడమీద తాళం. చూసి నేనూ వేశాను. కాసేపటికి నా చేతివంక ఓ చూపు చూసింది. చెయ్యి జేబులోకి పోయింది.

"తెలుగా?" అంది. ఔనన్నాను. అంతే, నా హోదా మారిపోయింది. త్యాగయ్యగారు తిరువయ్యారులో కావేరి ఒడ్డున కూచుని తెలుగులో రాసిన పుణ్యమా అని, రాగం ఆవిడ చెప్పాలి, అర్థం నేను చెప్పాలి.

"సార్, పాకా అంటే?"

"తాటాకు గుడిసెండీ."

"రాముడికి గుడిసా?"

"వనవాసం కదండీ. పర్ణశాల."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే వేదికమీది అమ్మాయి ఆ మాట అందుకుంది, ఒత్తి మరీ: "బాగా!"

తమిళంలో ప, బలకి ఒకటే అక్షరం, క, గలకీ అంతే. తేడా తెలియడానికి ఆ పుస్తకాల్లో అక్షరం పక్కన బుల్లి అంకె వేస్తారు. మామి కళ్ళజోడు మరిచిపోయింది, అంకె కనపడలేదు. ఆవిడకి ఆ వంక ఉంది. నాకేముంది?

మొహం చెల్లక మర్నాడు ఎగ్మూరు మ్యూజియానికి పారిపోయాను. శుక్రవారం దానికి సెలవట. తిరుగు ఆటోలో నా సినిమా తమిళమంతా ప్రయోగించాను. డ్రైవరు ఓపిగ్గా విని, "మాది నెల్లూరు సార్, తెలుగులో చెప్పండి" అన్నాడు.

పట్టువదలక శనివారం మళ్ళీ వెళ్ళాను. అమరావతి స్తూపం చెక్కడాలు అక్కడున్నాయి. గుంటూరు జిల్లాలో పుట్టి అమరావతి మొహం చూడనివాణ్ణి, మద్రాసొచ్చి చూశాను. ఓ గుండ్రటి ఫలకంలో నాలాగిరి ఏనుగు ఒకపక్క వీధిలో వీరంగం వేస్తోంది, ఇంకోపక్క పొగరు దిగి బుద్ధుడి కాళ్ళముందు వంగింది. పర్ణశాలకి ముందు నేను, తరవాత నేను!

ఆ సాయంత్రం తలవంచుకునే కచేరీకి వెళ్ళాను. మామి నాకోసం సీటు ఆపి ఉంచింది. ఈసారి కళ్ళజోడు ఉంది.

"నిన్న రాలేదేం సార్? పదకొండు మాటలు రాసిపెట్టాను."

ఈ డిసెంబరుకీ టికెట్టు తీశాను. పెట్టెలో బట్టలకంటే ముందు శబ్దరత్నాకరం నిఘంటువు సర్దాను.