స్టాండు పెట్టిన సారు

కార్వేటినగరంలో స్కంద పుష్కరిణి మెట్ల మీద స్టాండు నిలబెట్టి పైన కెమెరా బిగించినారంటే, మీరెవరని ఎవ్వరూ అడగరు. సర్వే సారని వాళ్లే తేల్చేసుకుంటారు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి, మూడు కాళ్ల మీద నిలబడే వస్తువేదైనా రెవెన్యూ శాఖదేనని మా పక్క నమ్మకం. పొద్దు వాలేలోగా నీళ్లలో మెట్ల నీడ పట్టుకుందామని నేను ఒంటికన్ను మూసి వంగి ఉంటే, వెనకనుంచి ఒక పెద్దాయన పట్టాదారు పాసుపుస్తకం నా చెవి పక్కన ఆడించినాడు.

“సామీ, పక్కోడు మా గెనిమను మూరెడు తినేసినాడు. మీ మిషన్లో కనిపిస్తా ఉందా?”

“ఇది ఫొటోలు తీసే కెమెరా తాతా.”

“ఫొటోకైతే సెల్లు చాలు గదా. ఇన్ని కట్టెలెందుకు?”

ఈ ప్రశ్న మా ఇంట్లోనూ ఉంది. నెల మొదట్లో కొంచెం గట్టిగా వినిపిస్తుంది. ఈ ఊరి రాజుల కొలువులో సారంగపాణి వేణుగోపాలుడి ముద్రతో పదాలు కట్టినాడు. గోవిందసామయ్య వర్ణాలు కట్టినాడు. ఆయన మోహన వర్ణం ఇప్పటికీ కచేరీల్లో వినబడుతుంది. అదే ఊళ్లో తిరిగే నేను కట్టేది లెన్సు వాయిదాలు.

వెలుతురు సంగతి మా పక్క బాగా తెలిసినవాళ్లెవరంటే, నాగలాపురం గుడి కట్టిన స్థపతుల పేరే చెబుతాను. మార్చి నెలాఖరులో సాయంత్రంపూట సూర్యుడు గోపుర వాకిలి దాటి నేరుగా గర్భగుడిలోకి వస్తాడు. మొదటిరోజు వేదనారాయణస్వామి పాదాల మీద, రెండోరోజు నాభి మీద, మూడోరోజు నుదుటి మీద పడతాడు. లైట్‌బాయ్ అక్కర్లేదు, కరెంటు పోతుందన్న భయం లేదు. కెమెరాను మాత్రం లోపలికి రానివ్వరు, అది న్యాయమే. నేను చేతులు జోడించుకుని భక్తిగానే నిలబడినా. ఐఎస్‌ఓ ఎంత పెట్టాల్సి ఉంటుందో లోపల లెక్క నడుస్తానే ఉండింది.

నగరి ముక్కుకొండకు ఆ ఇబ్బంది లేదు, ఎవరైనా తీసుకోవచ్చు. ఒకప్పుడు సముద్రంలో ఓడలవాళ్లు అంత దూరం నుంచి ఆ ముక్కును చూసి తీరం ఆనవాలు పట్టేవాళ్లు. దాని కిందనే నిలబడి నేను తీసిన ఫొటోలో మా తమ్ముడు ముక్కు ఎక్కడుందో వెతుక్కుని, చివరికి పక్క గుట్టను చూపించినాడు.

చలికాలంలో సూళ్లూరుపేట పక్క పులికాట్‌కు రాజహంసలొస్తాయి. మంచి పక్షులే గానీ బురదకు అవతల, నా లెన్సుకు ఆనని దూరం చూసుకుని మరీ నిలబడతాయి. తెల్లవారుజామున లేచి పోయి, మోకాటి దాకా బురద పూసుకుని తెచ్చిన ఫొటోను మా ఇంటామెకు చూపించినా.

“ఈ ఎర్ర చుక్కలేంది? అద్దానికి కుంకుమేమన్నా అంటుకునిందా?”

ఆమె నా తిరుగుళ్లను ఆపదు, అది చెప్పుకోవాల. కోణం కోసం బండలెక్కుతానంటే కూడా, “కాలు విరిగితే పుత్తూరు కట్టు పక్కనే ఉండాది, పోయి రాండి” అంటుంది. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకునేందుకు ఎక్కడెక్కడి నుంచో జనం పుత్తూరొస్తుంటే, అంత దగ్గర్లో ఉండి వాడుకోకపోవడం ఆమె లెక్కలో నష్టం కాబోలు.

గండికోట దాకా కూడా పోయొచ్చినా. పెన్నా కొండను నిలువునా కోసుకుని పారే ఆ లోయను ఉత్తగా చూడటానికి వచ్చినవాళ్లు అక్కడ తక్కువ. బండ చివర కూర్చుని లోయకు ముఖం, మనకు వీపు పెట్టి ఫొటో దిగాల, దానికొక వరస. ఒక కొత్త జంట నా మెడలోని కెమెరాను చూసి, “మీరు బాగా తీస్తారండీ” అని వాళ్ల ఫోను చేతికిచ్చింది. వాళ్ల వెనకున్నవాళ్లూ ఇచ్చినారు. ఆపైన ఒక కాలేజీ బస్సు దిగింది. పొద్దుగుంకే వేళకు నేను తీసిన మంచి ఫొటోలన్నీ ఊరూపేరూ తెలియనివాళ్ల ఫోన్లలో ఇళ్లకు పోయినాయి. నా కార్డులో చీకటి పడిన తరవాతి పెన్నా మిగిలింది.

అయినా నా బొమ్మలను విద్య తెలిసిన కన్నొకటి చూసింది, మొన్న కాయల కాలంలో. మా వీధి రైతన్న తోటలో తోతాపురి కాయలను ఫొటో తీసి మండీకి పంపమన్నాడు. నేను పొద్దు ఏటవాలుగా పడేదాకా కాచుకుని, నేల మీద బోర్లా పడుకుని, వెనకున్న ఆకులు మసగ్గా కలిసిపోయేటట్లు తీసి పంపినా. రైతన్న మురిసిపోయినాడు. కాసేపటికి మండీ ఆయన ఫోను.

“లెన్సు కాయకానించి తీసినట్లుండారే. అసలు కాయ ఇంత లావుండదు. పక్కన ఒక కోడిగుడ్డు పెట్టి ఇంకోటి తీసి పంపీయమను.”