ఆవిడకు వేవిళ్లు, ఆయనకు ఓవెన్

భార్య నెల తప్పిందని తెలిసిన వారంలోపు కాబోయే తండ్రి ఏదో ఒక హాబీ పట్టకపోతే బంధువుల్లో తలెత్తుకు తిరగలేడు. ఆవిడ తొమ్మిది నెలలు మోస్తుంది, సరే. మరి ఆయనేం చెయ్యాలి? మిద్దెతోట, అక్వేరియం, గిటారు అన్నీ పెళ్లయిన కొత్తలోనే అయిపోయి ఉంటాయి. తోటలో ఇప్పుడు కరివేపాకు ఒక్కటే బతికుంది, అదీ మీ అమ్మగారు నీళ్లు పోస్తున్నారు గనక. గిటారు బీరువా వెనక ఉంది. ఇక మిగిలింది బేకింగ్. ఇందులో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. వంటింట్లో ఉన్నట్టూ ఉంటుంది, వంట చెయ్యక్కర్లేకుండానూ ఉంటుంది. ‘మా ఆయన వంటింట్లోంచి బయటికే రావట్లేదు’ అని ఆవిడ ఫోన్లో అంటే అవతలివాళ్లు మురిసిపోతారు. ఆ మాట ఏ గొంతుతో అందో ఎవరూ పట్టించుకోరు.

ముందు సామాను కొనాలి. మన అమ్మలు కుక్కరు అడుగున ఇసక పోసి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, అల్యూమినియం గిన్నెలో కేకు చేసేవాళ్లు. అది పొంగేది, అందరూ తినేవాళ్లు కూడా. ఈ సంగతి ఇంట్లో ఎవరి చేతా అనిపించకండి. అన్నారా, ఓవెన్ కొనడానికి మీకు సాకు పోతుంది. ఓటీజీ, గ్రాముల్లో తూచే త్రాసు, సిలికాన్ బ్రష్షులు, మూడు సైజుల టిన్నులు, లోపలి వేడి చూసే థర్మామీటరు ఇంటికి చేరాక గానీ పిండి సంగతి ఆలోచించకూడదు. ఓవెన్ పెట్టడానికి గట్టు మీద చోటుండదు. మిక్సీని కింది అరలోకి దింపండి. ఆరో నెలలో ఆవిడ వంగి దాన్ని పైకెత్తుకుంటుంది. ఒంటికి కాస్త కదలిక ఉండాలని డాక్టరుగారే అన్నారు కదా.

ఓటీజీ 1500 వాట్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. వంటింట్లో ఉన్న ఆ ఒక్క ప్లగ్గునూ ఫ్రిజ్ ఆక్రమించింది గనక మీరు ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి పెడతారు. పావుగంటలో ఎంసీబీ పడిపోతుంది. మార్చి మధ్యాహ్నం, నడుంనొప్పితో అటూ ఇటూ దొర్లి దొర్లి అప్పుడే కునుకు పట్టిన మనిషి తల మీద ఫ్యాను ఆగిపోతుంది. లేచి వస్తే మీరు తొణక్కండి. కేకు సగంలో ఉంది, గట్టిగా నడవద్దని చెప్పండి.

నేను మరీ ముందుకు వెళ్లిపోయాను. తొలి ప్రయోగానికి ముహూర్తం వేవిళ్లు ముదిరినప్పుడే. అవి ఆరో వారం దగ్గర మొదలై చాలామందికి పద్నాలుగు, పదహారు వారాలకు తగ్గుముఖం పడతాయి. ఆలోపే కానిచ్చేయాలి. పోపు వాసనకే చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకునే మనిషికి వెనిలా ఎసెన్సు మాత్రం హాయిగా ఉంటుందని మీరే తేల్చేసుకోండి. ఓవెన్లో వెనిలా, వెన్న, గుడ్డు మూడూ వేడెక్కి ఒకే వాసనై ఇల్లంతా కమ్ముకునే ఘడియ ఒకటుంటుంది. ఆ ఘడియలోనే ఆవిడ పరుగున వెళ్లి బాత్రూమ్ తలుపు వేసుకుంటుంది. మీరు కంగారుపడి ఓవెన్ తలుపు తెరవకండి. తెరిస్తే కేకు మధ్యలో కుంగుతుంది. ఆవిడ మొహం తుడుచుకుని బయటికొచ్చాక ఒక ముక్క చేతికివ్వండి. వద్దంటే ‘నీ కోసమే కదా చేసింది’ అనండి. నిజానికి ఆవిడ అడిగింది మాగాయ ముక్క నంజుకుంటూ రెండు ముద్దల పెరుగన్నం. అది ఎవరైనా పెడతారు.

ఒకరోజు రాత్రి ఆవిడకు ఉస్మానియా బిస్కెట్టు మీదకి మనసు పోతుంది. హైదరాబాదులో ఉన్నవాళ్లకి ఇదొక సమస్యే కాదు, వీధి చివర ఇరానీ హోటల్లో గాజు సీసా నిండా ఉంటాయి. వెళ్లి తెచ్చారో మీరు హాబీదారు కారు, మామూలు మొగుడు. ఇంట్లోనే చేస్తానని ప్రకటించండి. పిండి కలుపుతున్నంతసేపూ ఉపన్యాసం ఇవ్వండి: ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద ఆ బిస్కెట్టు ఎలా వచ్చిందని చెప్పుకుంటారో, దేశవిభజన తర్వాత సింధు ప్రాంతం నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ ఎలా పెట్టారో వివరించండి. తీపిలో ఆ చిటికెడు ఉప్పు ఎందుకో చెప్పేసరికి పదకొండున్నర అవుతుంది. ఆవిడ నిద్రపోయి ఉంటుంది. ఇరానీ హోటల్ కూడా కట్టేసి ఉంటుంది.

కేకు, బిస్కెట్టు అయ్యాక సోర్‌డో బ్రెడ్డు. ఇది మొగమహారాజుల బేకింగ్. పిండి, నీళ్లు సమాన తూకంలో కలిపి గాజు సీసాలో పెట్టాలి. రోజూ సగం తీసి పారేసి, కొత్త పిండి, కొత్త నీళ్లు పొయ్యాలి. వారం, పది రోజులకు బుడగలు తేలతాయి. దానికో పేరు పెట్టడం విదేశాల్లో ఆచారం, మీరూ ‘భీముడు’ అని పెట్టేయండి. పుట్టబోయే బిడ్డకు పేరు వెతకడానికి మీకు తీరిక దొరకలేదు, పాపం. భీముడికి వేళకింత తిండి పెట్టాలని ఫోన్లో అలారం పెట్టుకోండి. మీ అమ్మగారు రోజూ ఆ సీసా వంక చూసి చూసి ఒకనాడు అననే అంటారు: ‘ఒరేయ్, రాత్రి రుబ్బిన పిండి పొద్దునకి పొంగితే నేను ఇడ్లీ వేస్తున్నాను. నీది వారం నుంచీ పొంగుతోంది, ఏదిరా?’ పెద్దవాళ్లకి ఓపిక తక్కువ.

ఆవిడకీ అలారాలు ఉంటాయి. ఐరన్ మాత్ర ఒక పూట, క్యాల్షియం ఇంకో పూట, రెండూ కలిపి వేసుకోకూడదు. ఐరన్ వేసుకునే వేళకి టీ, కాఫీలు దగ్గరికి రాకూడదు, ఒంటికి పట్టదు. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, దాన్ని 180 రోజులు వేసుకోవాలి. ఈ అంకెలు మీకు అనవసరం. మీకు కంఠతా రావలసినది మైదా, చక్కెర, వెన్న తలా 225 గ్రాములు, గుడ్లు నాలుగు. ‘ఇవాళ మాత్ర వేసుకున్నావా?’ అని అడగబోయి, ‘వెన్న ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టావా?’ అని అడిగే స్థాయికి చేరాక మీకు చెయ్యి తిరిగినట్టే.

మధ్యలో ఒక్క మాట, ఇది వేళాకోళం కాదు. పిండి రుచి చూడమని గరిటె ఆవిడ నోటి దగ్గర పెట్టకండి. పచ్చి గుడ్డులోనూ పచ్చి మైదాలోనూ సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు, కడుపుతో ఉన్న మనిషికి ఆ సరదా వద్దు. మీరు నాక్కోండి.

ఆరో నెల పోతుండగా గ్లూకోజు పరీక్ష రాస్తారు. 75 గ్రాముల గ్లూకోజు గ్లాసుడు నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగమంటారు. వికారం లేనివాళ్లకి కూడా వికారం తెప్పించే తీపి అది. తాగి, ఆ చల్లటి ఏసీ గదిలో కుర్చీకి అతుక్కుని రెండు గంటలు కూర్చున్నాక రక్తం తీస్తారు. 140కి చేరినా, దాటినా గర్భంలో వచ్చిన షుగరు అంటారు. ఆ రెండు గంటలూ పక్కన కూర్చునే తీరిక ఎవరికైనా ఉండొచ్చు గానీ భీముడికి తిండి పెట్టే వేళయింది కాబట్టి మీకుండదు. రిపోర్టులో 152 అని వచ్చిందనుకోండి, బేకింగ్ ఆపాలా? అక్కర్లేదు. చక్కెర బదులు బెల్లం వేస్తున్నానని ప్రకటించండి. బెల్లం ఒంట్లోకి వెళ్లాక చక్కెర పనే చేస్తుందని ఆవిడ డైటీషియన్ చెప్పిన కాగితం తీస్తుంది. అప్పుడు తేనె అనండి. తేనె కూడా కాదంటే ఖర్జూరం. మొత్తమ్మీద ఆ నెల కేకు మీరూ మీ నాన్నగారూ తింటారు. ఆయనకి షుగరు పదేళ్లుగా ఉంది.

హాబీలు మీకొక్కరికే పుట్టవు లెండి. ఇంట్లో కడుపు పండితే చుట్టుపక్కల అందరికీ ఒక్కో వ్యాపకం పుడుతుంది. మామగారు పంచాంగం ముందేసుకుని నక్షత్రానికి ఏ అక్షరమో చూస్తుంటారు, ఇంకా పుట్టని బిడ్డకి. పిన్నిగారు జూన్‌లో పుట్టబోయేవాళ్లకి ఉన్ని స్వెటర్ అల్లుతుంటారు. ఎదురింటావిడ హాబీ కడుపు వాలకం చూసి ఆడా మగా చెప్పడం: తీపి మీదకి మనసుపోతే ఆడపిల్ల, పులుపు మీదకైతే మగపిల్లాడు. డాలస్‌లో ఉన్న మీ బావమరిది ఫోన్ చేసి, లోపల గులాబీ క్రీమో నీలం క్రీమో దాచిన కేకు కొయ్యమని సలహా ఇస్తాడు. అమెరికాలో ఈ సరదా మొదలుపెట్టిన ఘనత జెన్నా కార్వునిడిస్ అనే ఆవిడకు దక్కింది, 2008లో కేకు కోసి లోపలి గులాబీ రంగు చూపించింది. ఎందుకు మొదలుపెట్టానా అని 2019లో ఆవిడే నొచ్చుకుంది. మన దగ్గర 1994 నాటి చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఎవరో డాక్టరు చెప్పకూడదు, చెబితే జైలు. ఏ స్కానింగ్ సెంటర్లో చూసినా ఆ బోర్డే ముందు కనిపిస్తుంది. కాబట్టి మీరు ఆ కేకు పసుపు రంగులో చెయ్యండి. అందరూ చుట్టూ చేరతారు, కోస్తారు, ఏమీ తెలియదు, తినేసి వెళ్తారు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. కేకు చెయ్యడానికి వాడే సామాన్లలో కడగడానికి సుఖంగా ఉండేది ఒక్కటీ లేదు. వెన్న పట్టిన గిన్నె చన్నీళ్లకి వదలదు. బీటరు తీగల సందుల్లో పిండి ఎండితే పుల్లతో గీకాలి. టిన్ను మూలల్లో మాడినది రాత్రంతా నానాలి. పనమ్మాయి మొదటి వారం నవ్వింది, రెండో వారం మానేసింది. హాబీ మర్మమంతా ఇక్కడే ఉంది: ఓవెన్ గంట మోగాక ఫొటో తీసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, మెచ్చుకోళ్లకి ఒక్కొక్కరికీ చేతులు జోడించిన బొమ్మ పంపుతూ హాల్లో కూర్చోవాలి. ఆ లోపు వంటింట్లో కుళాయి చప్పుడు వినిపిస్తుంది. ‘నువ్వెందుకు కడుగుతున్నావ్, నేను పొద్దున కడుగుతాగా’ అని కూర్చున్నచోటు నుంచే గట్టిగా అనండి. గట్టిగా అనడం ముఖ్యం. అత్తయ్యగారు ఫోన్ లైన్లో ఉంటే ఆవిడకీ వినపడాలి.

సీమంతానికి మీ చేతి కేకు ఉండాలని పట్టుబట్టండి. మూడంతస్తులది. ఆ రోజు ముఖ్యమైనవి గాజులు, పూలు, చలిమిడి. అత్తయ్యగారు తెల్లారకముందే లేచి, తడి బియ్యం దంపించి జల్లించిన పిండిని బెల్లం పాకంలో పోసి, ఉండ కట్టకుండా కలియబెట్టి, నెయ్యీ గసగసాలూ కొబ్బరిముక్కలూ వేసి పళ్లెంలో తెచ్చి కూతురి ఒళ్లో పెడతారు. త్రాసు లేదు, థర్మామీటరు లేదు. పాకాన్ని నీళ్లలో ఒక చుక్క వేసి వేలితో తాకి చూసి దించేశారు. ఆవిడ దాన్ని హాబీ అనుకోలేదు గనక ఎవరూ ఫొటో తియ్యలేదు. మీ కేకు పక్కకి ఒరిగిన ఫొటో మాత్రం పద్నాలుగు మంది తీశారు.

పురిటికి పుట్టింటికి పంపాక మీకు ఇల్లంతా ఓవెనే. శనివారం కేకు, ఆదివారం ప్రయాణం. మే నెలలో, వెన్నతో చేసిన ఐసింగు వేసి, అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. రాజమండ్రిలో దిగి రావులపాలెం బస్సెక్కేసరికి ఐసింగు పెట్టె అడుక్కి దిగి, మీ ప్యాంటుకు చేరుతుంది. అత్తయ్యగారు మంచి మనిషి. ‘అయ్యో బాబూ, ఎంత శ్రమపడ్డారు’ అని దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, ఆత్రేయపురం పూతరేకులు పళ్లెంలో పెట్టుకొస్తారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు. కొబ్బరాకుల మంట మీద బోర్లించిన కుండ, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే రేకు తయారు. ఎంత డిగ్రీల వేడి మీద చేస్తారని అడగండి. సమాధానం రాదు గానీ, అల్లుడుగారికి ఇంకో రెండు రేకులు వడ్డిస్తారు.

నొప్పులు మొదలయ్యాయని ఫోన్ వచ్చేవేళకు మీ సెలవులు చూసుకోండి. 2017 సవరణ తర్వాత ఆవిడకు చట్టప్రకారం 26 వారాలు. మీరు కేంద్ర ప్రభుత్వోద్యోగైతే 15 రోజులు. ప్రైవేటైతే చట్టంలో మీకేమీ లేదు, కంపెనీ దయ. ఉన్న నాలుగు సీఎల్‌లూ మీరు సోర్‌డో వర్క్‌షాపుకి వాడేశారు.

పుట్టాక ఇక కేకు ఎవరికీ పనికిరాదు. బాలింతకు పథ్యం: కాయం, వెల్లుల్లి కారం, నేతి అన్నం. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దంటారు. ఏడాది తిరిగేసరికి ఓవెన్ మీదికి ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టలు చేరి ఉంటాయి, మీ ధ్యాస కెమెరా లెన్సుల మీదికి మళ్లి ఉంటుంది. మొదటి పుట్టినరోజు కేకు బేకరీలో చెప్పేయండి. ఎగ్‌లెస్, రెండు కిలోలు, పేరు స్పెల్లింగు డబ్బా మూసేలోపు చూసుకోండి. ఇంటికి తెచ్చి అట్టడబ్బా దాచేసి, పక్కన మీ పాత టిన్ను ఒకటి పెట్టండి. ‘నువ్వే చేశావా బాబూ?’ అని ఎవరో ఒకరు అడుగుతారు, నవ్వి ఊరుకోండి. నమ్మకం కుదరడానికి టిన్నుకి కాస్త పిండి పులమండి. ఎలాగూ దాన్ని కడిగేది మీరు కాదు.