వాసనపెట్టె పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

తీగ తగిలినంత దివ్యగంధములీను
పెట్టె యొకటి పుట్టె బేరములకు
నూనె చుక్క కాచి నోరూర నూదిన
ముక్కు నమ్మలేదు మూసెఁ గొట్టు!

టీక

తీగ = కంప్యూటరుకు గుచ్చే కేబులు; తగిలినంత = తగలగానే; దివ్యగంధములు = మల్లె, కాఫీ, కాలిన రబ్బరు మున్నగునవి (రబ్బరు దివ్యమేమిటని అడగరాదు; కార్ల పందెం ఆటగాళ్లకు అదే దివ్యం); పెట్టె యొకటి = ఐస్మెల్ అను పేరుగలది, షార్కు చేప రెక్క ఆకారము గలది; పుట్టెన్ = అమెరికాలోని ఓక్లాండులో, 1999లో స్థాపించిన డిజిసెంట్స్ వారి చేత పుట్టెను; బేరములకు = అమ్మకమునకు (అమ్ముడుపోయిందని కవి అనలేదు, గమనించగలరు); నూనె చుక్క = 128 మూలవాసనల కార్ట్రిడ్జిలోనిది; ఊదినన్ = ఫ్యానుతో విసరినప్పటికీ; కొట్టు మూసెన్ = 2001లో.

"ఊదిన ముక్కు" అని కలిపి చదివి, జలుబుతో వాచిన ముక్కు అని అర్థం చెప్పేవారున్నారు. వారికో నమస్కారం.

తాత్పర్యం

వాసనలు కలిపి ఊదే యంత్రం ఒకటి తయారై, అంగడికెక్కకముందే అటకెక్కింది.

విశేషాలు

రంగుల టీవీ మూడు రంగులతో గడుపుకుంటోంది కదా, 128 వాసనలు చాలవా? ఇది పూర్వపక్షం. చాలవు. రంగు పట్టే కణాలు కంటికి మూడే రకాలు. ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వేయించిన కాఫీగింజ ఒక్కదానిలోనే వందల ఆవిరి పదార్థాలున్నాయి. ఈ గ్రాహకాల గుట్టు 1991లోనే విప్పిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. కంపెనీ పెట్టిన బెల్లెన్సన్, స్మిత్ జన్యు సమాచార వ్యాపారం నుంచి వచ్చినవారే. చదవలేదనడానికి లేదు.

ఇంకో చిక్కు. తెర మీద పాత బొమ్మ చెరిగిపోతుంది. గదిలో పాత వాసన పోనంటుంది. 1960లో 'సెంట్ ఆఫ్ మిస్టరీ' సినిమాకు హాన్స్ లౌబే కుర్చీల దాకా గొట్టాలు వేసి వాసనలు వదిలాడు. బాల్కనీవారికి అవి ఆలస్యంగా చేరాయి. హీరో మరో చోటికి వెళ్లాక పాత చోటి వాసన వస్తే ఏ రసం పండుతుంది?

2006లో పీసీ వరల్డ్ పత్రిక ఐస్మెల్‌ను అత్యంత చెత్త సాంకేతిక వస్తువులు 25లో ఒకటిగా చేర్చింది. శిక్ష ఎక్కువైందని ఈ వ్యాఖ్యాత మతం. సంతకు రాని వంకాయను పుచ్చిందని తిట్టడం న్యాయం కాదు.