పిలిస్తే పలికేది ఎవరు?

హుద్‌హుద్ వచ్చిన 2014లో నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌కి వచ్చాను. పక్క కంప్యూటర్లన్నిటికీ విండోస్, నాకొక్కదానికే ఉబుంటు 14.04 వేశారు. దాంతోపాటే ఇద్దరు పైథాన్లు నాలో కాపురం పెట్టారు: ఒకరు 2.7, ఇంకొకరు 3.4. అప్పట్లో వాళ్ల మొహం చూసినవాళ్లు లేరు. రాజ్యమంతా టర్బో సీదే. ఆ నీలి తెర కోసం విండోస్ వాటిలో డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపేవారు.

సిలబస్‌లోకి పైథాన్ వచ్చింది, నాకు తలనొప్పి పట్టుకుంది. విజయనగరంలో సిరిమాను జాతర రోజున జనంలో నిలబడి "పైడిరాజూ" అని కేకేస్తే నలుగురైనా వెనక్కి తిరుగుతారు. నాలో అలా కుదరదు. "పైథాన్" అని టైప్ చేస్తే, పాత్ అనే వరసలో ఉన్న ఫోల్డర్లు ఒక్కొక్కటే వెతుకుతాను. ఆ పేరు ముందెక్కడ కనిపిస్తే దాన్నే లేపుతాను, మిగతావాళ్లు పలకరు. నా దగ్గర ముందు పలికేది 2.7. పిల్లలు రాసుకొచ్చేది 3లో.

ప్రింట్ పక్కన బ్రాకెట్ల గొడవ పెద్దది కాదు. 3లో అవి మర్చిపోతే వెంటనే ఎర్రర్ కనిపిస్తుంది. నన్నడిగితే, కిక్కురుమనని తప్పే తప్పు. ఒక కుర్రాడు వంశధార నీటిమట్టాల సగటు కట్టే ప్రాజెక్టు తెచ్చాడు. అతని ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. నా దగ్గర 5ని 2తో భాగిస్తే 2 అన్నాను, 2.5 అనలేదు. పాత పైథాన్ లెక్క అదే, పూర్ణాంకాలిస్తే పూర్ణాంకమే ఇస్తుంది. అటెండర్ తొంగిచూసి, "ఏటి బాబూ, ఇంటికాడ ఒక లెక్కా, ఇక్కడ ఒక లెక్కా?" అన్నాడు.

ఆ కుర్రాడికి ఒళ్లు మండి 2.7ని వేళ్లతో సహా పీకేశాడు. ఉబుంటు సొంత పనిముట్లు చాలావరకు దాన్ని ఆనుకునే ఉన్నాయని అతనికెవరు చెప్పారు? మర్నాడు నా తెర మీద డెస్క్‌టాప్ లేదు, నలుపు మీద తెల్లటి అక్షరాలే మిగిలాయి. కొన్నాళ్లకి ఉబుంటు 18.04 వేసి నన్ను బతికించారు.

ఈసారి ల్యాబ్ మేడం ఉబుంటు పైథాన్ జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. పైఎన్వ్ వేయించారు. అది పాత్ వరసలో అందరికన్నా ముందు నిలబడుతుంది. పైథాన్ అని పిలవగానే, పిలిచిన ఫోల్డర్‌లో '.పైథాన్-వెర్షన్' అనే చిన్న ఫైలు ఉందా అని చూస్తుంది. అందులో ఏ అంకె రాసి ఉంటే ఆ పైథాన్‌కే పని అప్పజెబుతుంది. ఆర్16 సిలబస్ సప్లీ రాసేవాళ్ల ఫోల్డర్ ఒకటి, ఆర్20 సిలబస్ వాళ్లది ఇంకొకటి. ఎవరిది వాళ్లకే. ఒకే వెర్షన్ మీద రెండు ప్రాజెక్టులుంటే వాటి లైబ్రరీలు కలిసిపోకుండా వీఎన్వ్‌తో అడ్డుగోడ కట్టారు. పైఎన్వ్ ఏ పైథాన్ అన్నది తేలుస్తుంది, వీఎన్వ్ ఎవరి సామాను ఎవరిదో తేలుస్తుంది. ఈ రెండూ ఒకటేనని వైవాలో చెప్పి మార్కులు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

పైథాన్ 3 పుట్టింది 2008 డిసెంబరులో. పాతదాన్ని 2015లోనే ఆపేద్దామనుకున్నారు గానీ, లోకం పాత ప్రోగ్రాములు మార్చుకోలేక 2020 జనవరి 1 దాకా సాగదీశారు. నాలో మాత్రం 2.7 ఒక ఫోల్డర్‌లో ఇంకా ఉంది, ఎవరో సీనియర్ల ప్రాజెక్టు కోసం. ఉండనివ్వండి, ఎవరికీ అడ్డం రావడం లేదు. 2020 నుంచి ఏటా అక్టోబరులో, మనకి తుఫాన్లు వచ్చే కాలంలోనే, పైథాన్ కొత్త వెర్షన్ వస్తోంది. ఒక్కోదానికి ఐదేళ్ల ఆయుష్షు. అంటే నాలో జనాభా ఇప్పట్లో తగ్గదు.

పిల్లలూ, రికార్డులో ప్రోగ్రాం, దానికింద ఔట్‌పుట్ రాసి సంతకానికి పరిగెత్తకండి. ఏ వెర్షన్ మీద నడిపారో ఆ అంకె కూడా పైన వేయండి.