పసుపు డబ్బాలో కాఫీ కప్పు

మా రోజుల్లో వార్డులో పారేసేదే తక్కువ. గాజు సిరంజీలు విప్పి కడిగి, సూదుల్లో తీగ దూర్చి, స్టెరిలైజర్‌లో మరగబెట్టేవాళ్లం. సూది మొద్దుబారితే సానరాయి మీద పదును పెట్టేవాళ్లం. చేతి తొడుగులు ఉతికి ఆరేసి, చిల్లు పడిందేమోనని గాలి ఊది చూసి, పౌడరు చల్లి మళ్ళీ వాడేవాళ్లం. గాజుగుడ్డ మేమే కత్తిరించి, మడతలు పెట్టి, డ్రమ్ముల్లో సర్ది ఆటోక్లేవ్‌కి పంపేవాళ్లం. ఒక్క పట్టకారు తక్కువైతే హెడ్ సిస్టర్ డ్యూటీ దిగనిచ్చేది కాదు.

ఇప్పుడు మెల్‌బోర్న్‌లో మనవరాలి దగ్గర ఉన్నాను. అదీ నర్సే. ఏ ఆసుపత్రో ఎందుకు గానీ, అది చెప్పే కబుర్లు వింటే ఒళ్ళు మండుతుంది. కట్టు మార్చాలంటే ఒక ప్యాకెట్ చింపుతారట. అందులో ప్లాస్టిక్ గిన్నె, ప్లాస్టిక్ పట్టకారు, కింద పరవడానికి ఓ గుడ్డ. పుండు తుడవగానే అన్నీ చెత్తలోకే. ఇక్కడ ఉక్కు కత్తెరలు కూడా ఒక్కసారి వాడి పారేసే రకం దొరుకుతాయి. ఉక్కు, తల్లీ, ఉక్కు!

పారేస్తే పారేశారు, ఎందులో పారేస్తున్నారన్నది నా గొడవ. ఆస్ట్రేలియాలో నెత్తురు, చీము అంటిన చెత్తకు పసుపు డబ్బా, క్యాన్సర్ మందులు తగిలినదానికి ఊదా డబ్బా. మామూలు చెత్తకు వేరే డబ్బా ఉంది. పసుపు డబ్బాలో పడ్డదేదైనా మళ్ళీ చేత్తో తీసి ఏరకూడదు. దాన్ని ఆటోక్లేవ్‌లో ఉడికించాలి, లేదంటే కాల్చాలి. మామూలు చెత్త కంటే ఎన్నో రెట్లు ఖర్చు.

ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం ఇంట్లో చెత్త లాంటిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పింది. మరి పసుపు డబ్బాల్లో కాఫీ కప్పులు, అట్టపెట్టెలు, చేతులు తుడుచుకున్న కాగితాలు ఎందుకుంటాయి? అదే అడిగాను.

"దగ్గరున్నది అదే అమ్మమ్మా. పేషెంట్ గంట కొడుతుంటే అవతలి మూల దాకా ఎవరు వెళ్తారు?"

ఆ పిల్ల అన్నదీ నిజమే. డబ్బాలు ఎక్కడ పెట్టాలో తేల్చే పెద్దలు మంచం పక్కన ఒక్క పూట నిలబడి చూడరు.

మా రోజులన్నీ బంగారమని అనను. సరిగా మరగని సూది కామెర్లను ఒకరి నుంచి ఇంకొకరికి మోసేది. నెత్తురంటిన దూది మున్సిపాలిటీ కుండీలోకి పోయేది. ఆసుపత్రి చెత్తకంటూ మన దేశంలో రూల్స్ వచ్చిందే 1998లో. సూది ఒక్కసారే వాడాలి, అందులో నాకు పేచీ లేదు. సూదికి పెట్టిన నియమం గిన్నెకీ కత్తెరకీ ఎందుకని అడుగుతున్నాను.

అడిగినవాడు ఇక్కడా ఒకడున్నాడు. ఫోర్బ్స్ మెక్‌గెయిన్ అనే మత్తు డాక్టరు. మెల్‌బోర్న్ పడమటి వైపు వెస్టర్న్ హెల్త్ ఆసుపత్రుల్లో పనిచేస్తాడు. 2009లో అక్కడ ఖాళీ సెలైన్ సంచులు, ఆక్సిజన్ మాస్కులు, గొట్టాలు విడిగా పోగుచేయడం మొదలుపెట్టారు. నెత్తురు అంటనివే తీసుకునేవారు. వాటితో తోటకు నీళ్లు పట్టే పైపులు, నేల మీద పరిచే మ్యాట్లు తయారయ్యేవి. మత్తిచ్చే సామాను కడిగి మళ్ళీ వాడితే ఏమవుతుందో కూడా ఆయన బృందం లెక్కగట్టి 2017లో అచ్చువేసింది. ఖర్చు బాగా తగ్గిందని చదివి, "చూశావటే!" అని మనవరాలి మీద ఎగిరాను. అది కింది వరస చూపించింది. విక్టోరియా రాష్ట్రంలో అప్పట్లో కరెంటు ఎక్కువగా బొగ్గుదే కాబట్టి, కడగడానికీ ఉడికించడానికీ అయ్యే కరెంటుతో కార్బన్ కాలుష్యం కొంచెం పెరిగిందట. ఐరోపా కరెంటుతోనైతే బాగా తగ్గేదట. మేం స్టెరిలైజర్ పెట్టేటప్పుడు ఈ లెక్క ఎవడు చూశాడు? సరే, కరెంటు సంగతి ప్రభుత్వం చూసుకోవాలి. కప్పు ఎందులో వెయ్యాలో చూసుకోవడానికి ప్రభుత్వం అక్కర్లేదు.

వార్డు నర్సమ్మలతో పాటు చుట్టాలకూ ఒక మాట. గుంటూరులో అయినా మెల్‌బోర్న్‌లో అయినా రోగిని చూడ్డానికి వెళ్ళినప్పుడు మీ అరటితొక్క, టీ కప్పు ఆ పసుపు డబ్బాలో వెయ్యకండి. మామూలు బుట్ట కనబడకపోతే సిస్టర్‌ని అడగండి, లేదంటే చేతిలో పట్టుకుని బయటికి తెచ్చుకోండి.