వెయిటింగ్ పటేల్

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ దావత్‌కు వెళ్ళినా ఒక వెయిటింగ్ పటేల్ తగులుతాడు. ఏం చేస్తుంటారని మర్యాదకు అడిగామా, ఎకరాలు అమ్మిన సంగతి, ప్లాట్లు కొట్టిన సంగతి ఎత్తడు. "సికింద్రాబాద్ క్లబ్బుల వెయిటింగ్‌ల ఉన్నం" అంటాడు, ఐఏఎస్ ఇంటర్వ్యూకు పిలుపొచ్చినవాడిలా.

లోపలున్న మెంబర్లకు టెన్నిస్, పేకాట, భోజనం ఉంటాయి. చరిత్ర చదివే తీరికెక్కడిది? అది బయటున్నవాడి విద్య. క్లబ్బు పుట్టింది 1878 ఏప్రిల్ 26న. కంటోన్మెంటు దొరలు పొద్దుగూకాక కూర్చోడానికి పెట్టుకున్నారు కాబట్టి ఒకప్పుడు పేరు గారిసన్ క్లబ్. కలకత్తాలో బెంగాల్ క్లబ్ 1827, మద్రాసు క్లబ్ 1832. "గవి మనకన్న పెద్దయే" అని ఒప్పుకుంటాడు. ఆ 'మన' దగ్గర ఎవరూ నవ్వకూడదు.

నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ తన వేటబంగళాను క్లబ్బుకిచ్చిన ఘట్టం వచ్చేసరికి పటేల్ గొంతు పూడుకుపోతుంది. "ఆయన బంగళా ఇచ్చిండు. తూంకుంటల రెండొందల గజాలు నేనిస్తనంటే పలికేటోడు లేడు!"

చెప్పులేసుకుంటే లోపలికి రానివ్వరని ఎవరో చెప్పారట. అప్పటినుంచి పొలం గట్టు మీద కూడా బూట్లే. అడుసులో ఒకటి దిగబడితే జీతగాడు లాగి ఇచ్చాడు. పటేల్ మాత్రం అతనికి ఇంగ్లీషులో థాంక్స్ చెప్పాడు. 2022 జనవరిలో, పండుగ పూట, క్లబ్బు పాత భవనం కాలిపోయినప్పుడు ఆ పూట యాట కూర ముట్టలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళకు చాయ్ పోయించాడు. వచ్చారు కూడా, అదీ విశేషం.

మేనల్లుడొకడు నోరాగక అడిగాడు: "మామా, దొరలు క్లబ్బు పెట్టిన నాడు మన ముత్తాత ఏడున్నడు?"

"బయట గుర్రాలు పట్టుకున్నడు."

"మరింక?"

"మరింక ఏందిరా? మొదటి దినం నుంచి మనోళ్ళు ఆడనే ఉన్నరన్నట్టు."

నిరుడు ఆయనే శామీర్‌పేట ఫామ్‌హౌస్‌లో సొంత క్లబ్బు పెట్టాడు. బోర్డు ఇంకా రాయించలేదు, కుర్చీలు టెంట్‌హౌస్‌వి, మెంబరు ఆయనొక్కడే. రిజిస్టరు మాత్రం సిద్ధం. బామ్మర్ది వెయ్యినూటపదహార్లు పట్టుకుని చేరడానికి వస్తే డబ్బు తీసుకుని, పేరు రాసుకుని, గేటు దగ్గరే కుర్చీ వేయించాడు.

"వెయిటింగ్‌ల ఉండు బామ్మర్దీ, పిలుస్తం."