ఓకే.. ఇంతకీ దేనికి?

1839లో బోస్టన్ పత్రిక ఒకటి ‘ఆల్ కరెక్ట్’ను కావాలనే తప్పుల తడకగా రాసి, పొడి అక్షరాలు చేసి నవ్వించింది. ఆ ‘ఓకే’ ఇప్పుడు సరే, విన్నాను, పర్వాలేదు, ఇక ఫోన్ పెట్టెయ్ అన్నిటికీ చెల్లుతోంది. (వాట్సాప్‌లో వట్టి ‘కె’ వస్తే అలకే!) ఇన్ని అర్థాలుంటే మాట సంపన్నమైనట్టే కదా అంటారా? ఫైలు మీద అధికారి గీకిన ‘ఓకే’ చూడండి. చదివాడో, ఒప్పుకున్నాడో, తప్పించుకున్నాడో విచారణ సంఘానికీ అంతుపట్టదు. సంపన్నమైంది మాట కాదు, గోడమీద పిల్లివాటం. ఈ మాటనే నమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. 1840 ఎన్నికల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ అనుచరులు ఆయన సొంతూరి పేరు కలిపి ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ ‘ఓకే’నే నినాదం చేసుకున్నారు. ఓటర్లు ప్రత్యర్థి హారిసన్‌ను గెలిపించారు.